దెబ్బకు ఆగే బల్ల

పోయిన నెలలో ఆయన చనిపోయాడు. ఊపిరితిత్తులు చాలా ఏళ్ల కిందటే పాడయ్యాయి. ఆండర్సన్‌పేటలో బంగారు గనిలో పనిచేసిన మగవాళ్లు చాలామంది అలాగే పోతారు కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆయన పేరు రాయను. ఆయన చేతి దెబ్బలు తిన్నవాళ్లు ఇంకా ఆ వీధుల్లోనే తిరుగుతున్నారు. ఆ దెబ్బల్లో ఒకదానికి కారణం నేను.

ఆయనకు కోపం వస్తే అరిచేవాడు కాదు. కళ్లద్దాలు తీసేవాడు. తీసి, మడిచి, చొక్కా జేబులో పెట్టి, జేబు మీద రెండుసార్లు తట్టుకునేవాడు. ఆ రెండో తట్టుడు అయ్యేలోపు ఎదుటి మనిషి అక్కణ్నుంచి తప్పుకోవాలి. ఆయన వీధిలో అందరికీ ఈ సంగతి తెలుసు. టీవీ బాగు చేయించుకోను వచ్చిన కొత్తవాళ్లలో ఇది తెలియక ముక్కు పగలగొట్టించుకున్నవాళ్లు ఉన్నారని తరవాత విన్నాను. అయినా జనం ఆయన దగ్గరికే పోయేవాళ్లు. ఇంకెవరూ బాగుచేయలేనిది ఆయన చేస్తాడని.

గని మూతపడేదాకా అందులో టెలిఫోన్లు, సిగ్నల్ గంటలు చూసుకునే పని ఆయనది. మూతపడ్డాక ఇంటి ముందరి గదిని అంగడి చేసుకున్నాడు. నేను మొదటిసారి అక్కడికి పోయినప్పుడు నా సంచిలో పగిలిన ట్యాబ్‌లు మూడు ఉన్నాయి.

అప్పట్లో నేను రాబర్ట్‌సన్‌పేటలో మాటలు రాని, కాళ్లూ చేతులూ స్వాధీనంలో లేని పిల్లల బడిలో టీచరుగా ఉండేదాన్ని. వారమంతా అక్కడే గదిలో ఉండి, సెలవు రోజుల్లో టేకల్‌లో మా ఇంటికి పోయేదాన్ని. మా బడిలో రత్న అని పదహారేళ్ల పిల్ల ఉండేది. పుట్టినప్పటి నుంచీ చక్రాల కుర్చీ. మాట లేదు, తెలివి మాత్రం మా అందరికంటే ఎక్కువ. తనకు ఏం కావాలో బొమ్మలు ముట్టి చెప్పడం నేర్పితే బాగుంటుందని ఎవరో దాతలు ట్యాబ్‌లు ఇచ్చారు. రత్న చెయ్యి తెరను ముట్టదు, దాని మీద పడుతుంది. మూడూ పగిలాయి.

ఆయన వాటిని తిరగేసి చూసి, "ఎవురు పగలగొట్టినారు ఇవి?" అన్నాడు. చెప్పాను. "పిడికిలితోనా, మోచేతితోనా?" అని అడిగాడు. నాకు సరిగ్గా తెలియలేదు. తెలుసుకోకుండా వచ్చినందుకు నన్ను ఒకలాగ చూసి, ట్యాబ్‌లు వెనక్కి తోసేశాడు.

మరునాడు తనే బడికి వచ్చాడు. ఎవరినీ పలకరించకుండా నేరుగా రత్న కుర్చీ ముందు నేలమీద కూర్చుని అరచెయ్యి చాపాడు. కొట్టమన్నాడు. రత్న నవ్వింది. ఆమె చెయ్యి గాల్లో రెండు మూడు మెలికలు తిరిగి ఆయన అరచేతిలో ధన్‌మని పడింది. మళ్లీ కొట్టమన్నాడు. అలా పది పన్నెండు దెబ్బలు తిన్నాడు. ఆ చెయ్యి ఎర్రబడ్డాక రెండోది చాపాడు. చివరికి లేచి అరచేతులు రుద్దుకుంటూ నాతో అన్న మాట నాకింకా గుర్తుంది.

"ఈ బిడ్డ కొట్టడం లేదు టీచరమ్మా. చెయ్యి ముందర పోతా ఉండాది, ఈమె దాని వెనకాల పోతా ఉండాది."

ఆయన ఇంకొకటి కూడా గమనించాడు. రత్న ఎడమ చెయ్యి ఎక్కడో ఒకచోట గట్టిగా ఆనుకుంటే తప్ప కుడిచెయ్యి అనుకున్న చోటికి పోదు. మా ట్యాబ్‌లు ఆ ఆనుకున్న చేతినే వేలనుకుని గందరగోళపడేవి. ఈ బిడ్డకు కావలసింది ఒక వేలిని చూసే తెర కాదు, రెండు చేతుల్నీ ఒకేసారి చూసే బల్ల అన్నాడు. దెబ్బకు ఆగాలి. రక్తం రాకూడదు. అలాంటివి ఇంట్లో తయారు చేసుకున్నవాళ్లు ఉన్నారని నేను ఇంటర్నెట్‌లో వెతికి చూపిస్తే, ఆయన ఫోన్ తెరను ముక్కుకు దగ్గరగా పెట్టుకుని ఒక పూటంతా చదివాడు.

ఆ తరవాత రెండు నెలలు సామాను ఎంచుకోవడమే పని. సెలవు రోజుల్లో మారికుప్పం నుంచి పొద్దున బెంగళూరుకు బయలుదేరే రైల్లో ఆయన వచ్చేవాడు, నేను టేకల్‌లో ఎక్కేదాన్ని. ఆయన ఒళ్లో ఎప్పుడూ ఒక గుడ్డసంచి, అందులో సుత్తి. దేన్నయినా కొట్టి చూసిగాని కొనడు. ఎర్రటి చిన్న బల్బును కూడా నేలకేసి కొట్టి, వెలిగితే కొనేవాడు.

మొదట గాజు చూశాం. బెంగళూరు బజారులో ఒక అంగడివాడు మందపాటి గాజుపలక చూపించి ఇది కాల్చి గట్టిపరిచింది, ఏనుగు ఎక్కినా పగలదు అన్నాడు. ఈయన కొట్టి చూస్తానన్నాడు. అంగడివాడు కుదరదన్నాడు, కొన్నాక ఏమైనా చేసుకోమన్నాడు. మామూలు గాజునే గట్టి గాజని అమ్ముతున్నావని ఈయన మెల్లగా అన్నాడు. వాడు కన్నడంలో ఏదో తిట్టాడు. కళ్లద్దాలు జేబులోకి పోవడం చూసి నేను చొక్కా పట్టుకునేలోపు ఈయన పిడికిలితో పలక మధ్యలో కొట్టాడు. పలక కత్తుల్లాగా పొడుగు ముక్కలై కూలింది. పనివాళ్లిద్దరు మీద పడ్డారు. ఒకడి కాలరు పట్టుకుని వాడి నుదురు ఇనుప అరకేసి కొట్టాడు. రెండోవాడు ఈయన వీపు మీద పైపు ముక్కతో రెండేశాడు. జనం చేరి విడదీశారు. పిడికిలి నుంచి రక్తం కారుతుంటే ఈయన కళ్లద్దాలు పెట్టుకుని, కింద పడిన ముక్కొకటి తీసి నాకు చూపించాడు.

"గట్టిపరిచిందైతే పొడి పొడి అయ్యేది. ఇది బిడ్డ చెయ్యి తెంపుతుంది. చూసుకో."

అక్కడి నుంచి రెండు వీధులు నడిచి, చేతికి రుమాలు చుట్టుకుని, ప్లాస్టిక్ పలకలు అమ్మే ఒక ముసలాయన అంగట్లో ఏమీ జరగనట్టు బెంచీ మీద కూర్చున్నాడు. ఆ ముసలాయన మంచివాడు. తుంపులన్నీ ముందర పోసి ఇష్టమొచ్చినట్టు కొట్టుకో అప్పా అన్నాడు. ఒక రకం పలక సుత్తి దెబ్బకు సొట్ట కూడా పడలేదు, కానీ గోరు గీసినా గీత పడింది, అంచులోంచి టార్చి వేస్తే వెలుతురు మధ్యలోనే మసకబారింది. అక్రిలిక్ పలక వేలెడు మందంలో ఉన్నది సుత్తికి చిన్న గుంట పడి ఆగింది. అంచున టార్చి పెడితే ఆ చివర అంచు తెల్లగా వెలిగింది. మా ఇద్దరికీ కావలసింది అదే.

ఆ బల్ల పనిచేసే తీరు ఇది. పలక నాలుగంచుల్లోంచి కంటికి కనబడని వెలుతురు లోపలికి పంపాలి. టీవీ రిమోట్ లోంచి వచ్చే లాంటిది. అది పలకలోనే అటూ ఇటూ తగులుకుంటూ తిరుగుతుంది. పైన చెయ్యి ఒత్తిన చోట మాత్రం కిందికి చిమ్ముతుంది. కిందున్న కెమెరాకు అక్కడ తెల్లటి మచ్చ కనబడుతుంది. ఎన్ని చేతులు ఒత్తితే అన్ని మచ్చలు. పలకకు పైన గాల్లో వణికే చెయ్యి లెక్కకు రాదు, ఒత్తిన చెయ్యే వస్తుంది. రత్నకు దీనికంటే కుదిరేది ఇంకొకటి లేదు.

తిరుగు రైల్లో కూర్చోను చోటు లేదు. ఆయన పలకను పాపలాగ నిలువుగా పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. ఎవరో పదే పదే దానికి వీపు ఆనిస్తే రెండుసార్లు చెప్పి, మూడోసారి మోచేత్తో వాడి పక్కటెముకల్లో పొడిచాడు. వాడు మాలూరు దాకా వంగే నిలబడ్డాడు. నేను తలుపులోంచి బయటికి చూస్తూ నిలబడ్డాను. నిజం చెప్పాలంటే అప్పటికి ఆ దెబ్బలంటే నాకు భయం పోయింది. మన పని కోసమే కదా అని ఒక రకం ధైర్యం కూడా వచ్చింది.

కెమెరాల దగ్గర ఇంకో యుద్ధం. మామూలు కెమెరా లోపల ఆ కనబడని వెలుతురును ఆపే చిన్న గాజుబిళ్ల ఉంటుంది. దాన్ని స్క్రూడ్రైవర్‌తో పొడిచి తీయబోయి రెండు కెమెరాలు చంపాడు. మూడోదానిలో బిళ్ల ఊడింది. దాని చోట పాత ఫోటో ఫిల్ముల చివర ఉండే నల్లటి ముక్క కత్తిరించి పెట్టాడు. అది మామూలు వెలుతురును ఆపుతుంది, మాకు కావలసింది వదులుతుంది. పలక మీదికి బొమ్మలు వేయను ప్రొజెక్టర్ ఒక పెళ్లి మంటపంవాళ్లు పక్కన పడేసింది దొరికింది. బల్ల ఎత్తు తక్కువ కాబట్టి అద్దం ఏటవాలుగా పెట్టి బొమ్మను పైకి తిప్పాడు. పలక మీద మెత్తటి సిలికాన్ పొర గోడలకు రంగు వేసే రోలర్‌తో పూశాడు. బడిలో ఒక గదిలో బల్ల కాళ్లు నేలకు బోల్టులతో బిగించాడు. అంచులకు సైకిల్ ట్యూబు చుట్టాడు. గాలి మళ్లినప్పుడు గని మట్టి పేరుకున్న సైనైడ్ దిబ్బల దుమ్ము వచ్చి అద్దం మీద పడుతుందని కిందంతా దుప్పటి గుడ్డతో మూశాడు. పనవుతున్నంతసేపూ సామానును తిడుతూనే ఉండేవాడు. నన్ను మాత్రం ఎప్పుడూ తిట్టలేదు.

ఆ రోజుల్లోనే రత్న పై చేతుల మీద నీలం మచ్చలు చూశాను. నాలుగు వేళ్లు ఒత్తిన గుర్తులు. తొడ మీద గిచ్చిన గుర్తులు. రత్న నాన్న ఆండర్సన్‌పేటలో ఆటో నడిపేవాడు. ఆయన తాగొచ్చి ఇంట్లో గలాటా చేస్తాడని మా బడి వ్యాన్‌లో పిల్లల్ని తీసుకొచ్చే ఆయమ్మ నాతో అంది. నేను ఆ మాట ఎవరినీ విచారించలేదు. బల్ల కింద పడుకుని తీగలు అతుకుతున్న ఆయన దగ్గర కూర్చుని, "వాళ్ల నాన్నే కొడతాడు అనుకుంటానన్నా" అన్నాను.

ఆయన ఇంకో తీగ అందుకున్నాడు. అతికే పని ఆపలేదు.

రెండు రోజులకు బడి వ్యాన్ చెడిపోయింది. సాయంత్రం నాలుగు గంటలకు రత్న నాన్న ఆటో తీసుకుని గేటు దగ్గరికి వచ్చాడు. బిడ్డను ఎత్తి వెనక సీట్లో కూర్చోబెట్టి, పడిపోకుండా తువ్వాలుతో కడుతున్నాడు. లోపలి నుంచి ఈయన వచ్చాడు. చేతిలో సుత్తి లేదు, సుత్తి నుంచి ఊడదీసిన కర్రపిడి ఉంది. కళ్లద్దాలు అప్పటికే జేబులో ఉన్నాయి.

"బిడ్డను ముట్టినావా?" అని అడిగాడు.

రత్న నాన్నకు ప్రశ్న అర్థం కాలేదు. ముట్టకుండా ఎట్ల ఎక్కిస్తానప్పా అన్నాడు. మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది తల మీదికి వస్తుంటే కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. మణికట్టు విరిగిన చప్పుడు గేటు దగ్గరున్న మా అందరికీ వినిపించింది. పడిపోయినవాణ్ని కాలితో తన్నాడు, ఒకసారి, రెండుసార్లు, నడుం మీద. ఆటోలో రత్న గొంతులోంచి నేను అంతకుముందు ఎప్పుడూ వినని శబ్దం వచ్చింది. రెండు పిడికిళ్లూ ఆటో ఇనుప కడ్డీకి బాదుకుంటూ ఉంది. భయపడిందనుకున్నాం.

రత్న నాన్న లేచి కూర్చుని, విరిగిన చేతిని ఒళ్లో పెట్టుకుని, కొట్టినవాణ్ని వదిలేసి నా వైపు చూశాడు. "నేను ముట్టలేదు టీచరమ్మా" అన్నాడు. నేను తల తిప్పుకున్నాను. చుట్టూ చేరినవాళ్లలో ఒకరు కూడా కేసు పెట్టమని అనలేదు. కదల్లేని బిడ్డను కొట్టేవాడికి ఇది చాలదన్నారు. ఎవరో ఆటో నడిపి తండ్రినీ కూతుర్నీ ఇంటికి చేర్చారు.

మరునాడు ఈయన మామూలుగానే వచ్చి పనిలో పడ్డాడు. నేను ఉండబట్టలేక, మనం తప్పు చేయలేదు కదన్నా అన్నాను.

"రాత్రి నిద్ర పట్టిందా నీకు?"

పట్టిందన్నాను.

"నాకూ పట్టింది. ఇంగేమి?"

రెండు వారాల పైన రత్నను బడికి పంపలేదు. బల్ల తయారైందని కబురు పెడితే వాళ్లమ్మ తీసుకొచ్చింది. రత్న ఒంటి మీద ఒక్క మచ్చ లేదు. తండ్రి చెయ్యి విరిగింది కాబట్టి దెబ్బలు ఆగాయని మేము సంతోషపడ్డాం.

కిటికీలు మూసి బల్ల వెలిగించాం. ఎండలో కూడా ఆ కనబడని వెలుతురు ఉంటుంది కాబట్టి గది చీకటిగా ఉండాలి. మొదటి రోజు రత్న బల్లను గంటసేపు బాదింది. పలక చలించలేదు. బాగైన బడి వ్యాన్‌లో మళ్లీ రోజూ వస్తూ, రెండో వారానికి ఎడమ చెయ్యి ఆనించి కుడిచేత్తో నీళ్ల బొమ్మ ఒత్తి నీళ్లు అడిగింది. అన్నం, నొప్పి, పాట, చాలు, అన్నీ నేర్చుకుంది. నేను మనుషుల ఫోటోలు కూడా పెట్టాను. వాళ్లమ్మ, నాన్న, బడి నడిపే పెద్దమేడం, నేను, ఆయమ్మ. పిల్లలు ఒకరినొకరు కొట్టుకోకూడదని నేర్పడానికి ఎత్తిన చెయ్యి బొమ్మ ఒకటి గీసి పెట్టాను. దానికి అర్థం దెబ్బ.

అప్పుడే మళ్లీ మచ్చలు వచ్చాయి. తండ్రి కుడిచెయ్యి ఇంకా కట్టులోనే ఉంది. ఎడమచేత్తో కొట్టాడేమో అన్నాను నేను. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే నా నోటిని నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

ఒక రోజు పొద్దున ఆయన బల్ల కింద దూరి అద్దం తుడుస్తున్నాడు. నేను బొమ్మలన్నీ వేసి రత్న ముందర కూర్చున్నాను. ఏమీ అడగలేదు. రత్న ఎడమ పిడికిలి దెబ్బ బొమ్మ మీద పడి అక్కడే ఆగింది. ఎప్పుడూ ఊరికే ఆనించుకునే చెయ్యి అది. ఈసారి కావాలనే ఒత్తింది. కుడిచెయ్యి వణికి వణికి పోయి ఆయమ్మ ముఖం మీద పడింది. రెండు బొమ్మలూ ఒకేసారి వెలిగాయి.

నేను బొమ్మల చోట్లు మార్చాను. మళ్లీ అవే రెండూ. పెద్దమేడంను పిలిచి ఆమె ముందర ఇంకో రెండుసార్లు మార్చాం. చెమటలు కారుతుంటే, మెడ వంకర తిరిగిపోతుంటే, రత్న వెతుక్కుని వెతుక్కుని ఆ రెండింటి మీదే చేతులు వేసింది. తరవాత తనంతట తాను నాన్న ఫోటో మీద చెయ్యి పెట్టి, ఏడ్చింది.

దుప్పటి గుడ్డ పక్కకు జరిగింది. ఆయన బయటికి వచ్చాడు. ఆ చేతులు పడిన చోట్లన్నీ కింద నుంచి అప్పటికే చూసి ఉన్నాడు. కళ్లద్దాలు జేబులో పెట్టుకుంటూ వంటగది వైపు నడిచాడు. నేను పరుగెత్తి ఆయన నడుం పట్టుకున్నాను. నన్ను ఈడ్చుకునే పోయాడు. ఆయమ్మ పళ్లేలు కడుగుతోంది. ఆయన ముఖం చూడగానే ఆమెకు అర్థమైంది. గోడకు అతుక్కుపోయి, "ఆ పిల్ల వ్యాన్‌లో నన్ను దినామూ కొడతాది, నా చెయ్యి చూడండి" అని మోచెయ్యి చూపించింది. ఆమె చేతి మీద కూడా నీలం మచ్చలున్నాయి. రత్న చెయ్యి పడిన గుర్తులు.

ఆయన పిడికిలి ఆమె తల పక్కనున్న కిటికీ గాజులోంచి బయటికి పోయింది. వెనక్కి లాక్కున్నప్పుడు ముంజేతి మీద చర్మం లేచిపోయింది. ఆమె కూలబడింది. ఆయన నా వైపు తిరిగాడు.

"పోలీసులను పిలవమను. నేను ఈడ ఉంటే ఈమె బతకదు."

ఆయన గేటు దాటి ఆండర్సన్‌పేట వైపు నడుస్తుంటే నేనూ వెనకాలే పోయాను. ఎక్కడికి పోతున్నాడో తెలుసు. చెయ్యి నుంచి రక్తం చుక్కలు చుక్కలుగా రోడ్డు మీద పడుతోంది.

రత్న నాన్న తన ఇంటి ముందర ఆటో పక్కన కూర్చుని ఉన్నాడు. చెయ్యి బాగయ్యేదాకా దాన్ని నడపలేడు. ఈయన్ని చూడగానే లేచి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు, లోపల ఆడమనిషి ఉందని. ఈయన జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పాడు. తప్పు అని గానీ, మన్నించమని గానీ అనలేదు. గోడకు ఆనించిన కర్ర తీసి ఆయన ఎడమచేతికి ఇచ్చాడు. తన కుడిచేతిని గుమ్మం బండ మీద పరిచాడు.

"కొట్టు. నేను చెయ్యి తియ్యను."

రత్న నాన్న కర్రను చూశాడు, చేతిని చూశాడు. ఆ తరవాత నన్ను అడిగాడు. "నేనే కొట్టినానని ఈయనకు చెప్పింది ఎవురు టీచరమ్మా?"

"నేనే" అన్నాను.

నన్ను కొడతాడని అనుకున్నాను. కొడితే బాగుండేది. ఆయన నా ముఖంలోకి చాలాసేపు చూసి, ఇటు తిరిగి, కర్ర ఎత్తి బండ మీది చేతిని కొట్టాడు. ఎడమచేతి దెబ్బ అయినా బలంగానే పడింది. రెండు వేళ్లు విరిగాయి. ఈయన చెయ్యి తీయలేదు. ఇంకొకటి కొట్టమన్నట్టు అలాగే ఉంచాడు. రత్న నాన్న కర్ర పారేసి, లోపలికి కేకేసి తడిగుడ్డ తెమ్మన్నాడు.

"సరిపోయిందా?" అన్నాడు ఈయన.

"లేదు" అన్నాడు ఆయన.

పక్కింటి మనిషి ఆటో నడిపాడు. కట్టు కట్టిన చేత్తో ఒకరు, విరిగిన చేత్తో ఒకరు వెనక సీట్లో కూర్చున్నారు. నేను వాళ్లిద్దరి మధ్య కూర్చున్నాను. ఆసుపత్రి దాకా ఎవరి ముఖం వాళ్లు రోడ్డు వైపు తిప్పుకున్నారు.

ఆయమ్మ మీద కేసు పెట్టారు. నన్ను పెద్దమేడం ఒక్క మాట అనలేదు, నేనే రత్నవాళ్ల ఇంటికి ఇంకో రెండుసార్లు పోయాను. మూడోసారి వాళ్లమ్మ కూర్చోమంది. ఆ ఇద్దరు మగవాళ్లు మాత్రం స్నేహితులు కాలేదు. ఎదురుపడితే తలలు దించుకుని పోయేవాళ్లు. ఈయన వేళ్లు వంకరగానే అతుక్కున్నాయి. సన్నటి తీగలు అతకడం ఆ తరవాత చేతకాలేదు. పక్కన కూర్చుని నాకు నేర్పించాడు.

నెల రోజుల తరవాత ఒకసారి, తన ఫోటో కూడా బల్ల మీద పెట్టమన్నాడు. పెట్టాను. రత్న కుడిచెయ్యి ఆయన ముఖం మీద, ఎడమ పిడికిలి దెబ్బ మీద వేసింది. వాళ్ల నాన్నను ఆయన కొట్టడం ఆటోలోంచి చూసిన పిల్ల. నేను ఫోటో తీసేయబోయాను. "ఉండనీ. నిజమే చెప్తా ఉండాది" అన్నాడు. తరవాత ఆయన ఎవరినైనా కొట్టాడని నేను వినలేదు. మారిపోయాడని నేను బడిలో అందరికీ చెప్పేదాన్ని. మనిషి ఇట్ల ఉండాలి, చేసిన తప్పుకు చెయ్యి చాపేవాడు ఎంతమంది ఉంటారు అనేదాన్ని.

ఆయన పోయిన మూడో రోజు వాళ్లింటికి పోయాను. ఇన్నేళ్లలో ముందరి గది దాటి లోపలికి పోవడం అదే మొదటిసారి. ఆయన భార్య చాప వేసింది. సన్నటి మనిషి, తల ఎత్తి మాట్లాడదు. నేను ఆయన గొప్పతనం గురించి ఏదేదో చెప్పాను. రత్న నాన్న ముందర చెయ్యి పరిచిన సంగతి కూడా చెప్పాను. ఆమెకు తెలిసి ఉండదని అనుకున్నాను.

ఆమె మంచినీళ్లు తెచ్చింది. లోటాను రెండు చేతులతో పట్టుకుని, ఒంటికి ఆనించుకుని, జాగ్రత్తగా నా ముందర పెట్టింది. ఆమె ఎడమ మోచెయ్యి చాపడానికి రాదు. ఎప్పుడో విరిగి, సరిగ్గా అతకక, బయటికి వంగిపోయి ఉంది. కుడి చెంప ఎముక దగ్గర కూడా ఒక గుంట ఉంది. నేను ఆ చేతినే చూస్తున్నానని ఆమె చూసింది. కొంగు దాని మీదికి లాక్కుంది.

"ఆ ఆటో ఆయన ముందర చెయ్యి చాపినాడని వీధంతా చెప్పుకున్నారమ్మా" అంది. "నా ముందర చాపలేదు. ముప్పై ఏండ్లు ఒకే ఇంట్లో ఉంటిమి."

ఆమె నీళ్లు తాగమంది. తాగాను.